మాస్టారి కబుర్లు: చక్రాల మీది ఇల్లు

పిల్లలూ,

ఈ నెల ముందుగా ఒక పొడుపుకథ. వంటగది ఉంది, పడకలు ఉన్నాయి, స్నానాల గది ఉంది. పునాది మాత్రం లేదు. ప్రొద్దున ఒక ఊళ్ళో ఉంటుంది, సాయంత్రానికి మరొక ఊళ్ళో ఉంటుంది. ఏమిటది?

నత్త అంటారేమో! నత్తకు ఇల్లుంది గాని వంటగది లేదు. నేను చెప్పేది మోటారు ఇల్లు. మన లారీ అంత బండిలో ఒక చిన్న కాపురానికి కావలసినవన్నీ అమర్చి ఉంటాయి. దానిలోనే ప్రయాణం, దానిలోనే వంట, దానిలోనే నిద్ర.

మా అమ్మాయీ అల్లుడుగారూ న్యూజిలాండు దేశంలో క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఉంటున్నారు. క్రిందటి జనవరిలో నేనూ, మా ఇంటావిడా వారిని చూడబోయాము. మనకు సంక్రాంతి చలి, వారికి నడివేసవి. పిల్లలకు బడి సెలవులు.

“మామయ్యగారూ, ఈసారి హోటళ్ళు వద్దు. ఒక మోటారు ఇల్లు అద్దెకు తీసుకొని నాలుగు రోజులు తిరిగి వద్దాం. మాకూ ఇదే మొదటిసారి” అన్నారు అల్లుడుగారు.

ఆ మాట వినగానే నాకు మా నాన్నగారి గూడుబండి గుర్తుకు వచ్చింది. నా చిన్నతనంలో శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ఆ బండిలోనే వెళ్ళేవాళ్ళం. బియ్యం, పప్పు, నీళ్ళబిందె, ఎడ్లకు గడ్డి, అన్నీ బండిలోనే. చెట్టు క్రింద బండి విప్పి, మూడు రాళ్ళు పెట్టి అమ్మ వంట చేసేది. రాత్రి బండిలో గడ్డి పరుచుకొని పడుకొనేవాళ్ళం. అంటే, పిల్లలూ, నేను ఇటువంటి ప్రయాణం అరవై ఏళ్ళ క్రిందటే చేశానన్నమాట!

పడమటి దేశాలలో సరదా కోసం ఇంటిబండి కట్టించుకొన్న తొలివారిలో గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయన ఒకరు. నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి, తరువాత పిల్లల కోసం సాహస కథలు వ్రాశాడు. 1885లో ఆయన రెండు గుర్రాలు లాగే ఒక ఇంటిబండిలో ఇంగ్లండు నుండి స్కాట్లండు ఉత్తర భాగంలోని ఇన్వర్నెస్ దాకా ప్రయాణం చేశాడు. ఆ బండికి ఆయన పెట్టుకొన్న పేరు ‘వాండరర్’, అనగా సంచారి. గుర్రాల స్థానంలో మోటారు వచ్చిన తరువాత ఆ సంచారి సంతతి ఎన్నో దేశాలకు వ్యాపించింది.

ఇక మా బండి సంగతి. ఆరుగురికి పడకలున్న బండి. పగలు బల్లగా ఉన్నది రాత్రి మంచమవుతుంది. డ్రైవరు తల మీద అటక వంటి చోటు ఉంది; అది తమదని మనవడూ మనవరాలూ ముందే పంచుకొన్నారు. బండి ఎత్తు పది అడుగులకు పైమాటే. అందుచేత అల్లుడుగారు ఆ కొలత ఒక కాగితం మీద వ్రాసి ఎదురుగా అంటించుకొన్నారు. తక్కువ ఎత్తు వంతెనో, చెట్టుకొమ్మో వచ్చినప్పుడు కారు నడిపే అలవాటుతో దూరిపోతే ఇంటికప్పు ఊడిపోదూ!

బయలుదేరిన పావుగంటకే మాకు మొదటి పాఠం అయింది. ఒక మలుపులో బండి తిరగగానే వెనుక నుండి దడదడమని శబ్దం. చూస్తే అలమర తలుపు తెరుచుకొని స్టీలు పళ్ళాలన్నీ నేల మీద ఉన్నాయి. గడియ పెట్టడం మరచింది మా ఇంటావిడ. “ఇల్లు మలుపు తిరుగుతుందని నేను కలగన్నానా?” అన్నది ఆమె.

ఇక్కడ ఒక శాస్త్ర విషయం ఉంది. కదిలే వస్తువు, దానిని ఏదైనా బలం ఆపేదాకా లేదా మళ్ళించేదాకా, అదే దారిన నేరుగా పోతుంది. ఇది న్యూటన్ చెప్పిన మొదటి సూత్రం. బండి మలుపు తిరిగింది గాని పళ్ళాలను తిప్పే బలం లేదు. అవి తమ దారిన తాము నేరుగా పోయాయి. మన ఒళ్ళూ అంతే. అందుకే ఇల్లు కదా అని నడుస్తున్న బండిలో తిరుగరాదు. ప్రతివారూ కుర్చీలో బెల్టు పెట్టుకొని కూర్చోవలసిందే.

క్రైస్ట్‌చర్చ్ నుండి సుమారు 230 కిలోమీటర్లు పోయి టెకాపో సరస్సు చేరాము. అక్కడ ఇటువంటి బండ్ల కోసమే విడిది ఉంది. అద్దె చెల్లిస్తే ఒక జాగా చూపిస్తారు. అక్కడి స్తంభం నుండి వైరు తెచ్చి బండికి తగిలిస్తే 230 వోల్టుల విద్యుత్తు వస్తుంది. గొట్టం పెట్టి తొట్టిలో మంచినీళ్ళు నింపుకోవచ్చు. మా ఇంటావిడ హాయిగా రైస్ కుక్కరులో అన్నం వండింది. “ఇంత సుఖమని తెలియక వెనుకాడాను” అన్నది.

మరునాడు ప్రొద్దున తొంభై లీటర్ల తొట్టి నిండా నీళ్ళు నింపుకొని పుకాకి సరస్సుకు బయలుదేరాము. అక్కడ ఒడ్డున బండ్లు నిలుపుకొనేందుకు అనుమతి ఉన్న చోటు ఒకటి ఉంది. విద్యుత్తు స్తంభం లేదు, కుళాయి లేదు. బయటి సహాయం లేకుండా మూడు రోజులు గడుపుకొని, ఒక్క చుక్క మురికినీరు కూడా నేల మీద పడనీయని బండ్లకు మాత్రమే ఇటువంటి చోట్లలో ప్రవేశం. 2023లో చేసిన చట్టం ప్రకారం అలాంటి బండిలో మరుగుదొడ్డి స్థిరంగా బిగించి ఉండాలి. వాడిన నీరు ఒక తొట్టిలోనూ, మరుగుదొడ్డిది ఒక పెట్టెలోనూ చేరుతాయి. వాటిని ఊళ్ళో అందుకని కట్టిన చోటనే ఖాళీ చేయాలి.

సరస్సు చూచి మా మనవరాలు “తాతయ్యా, ఎవరో నీలిమందు కలిపారు!” అని అరచింది. నిజంగా అలాగే ఉంది. ఆ రంగుకు కారణం హిమానీనదాలు. కొండల మీది మంచు దిబ్బలు మెల్లగా జారుతూ క్రింది రాళ్ళను పిండివలె నూరుతాయి. ఆ రాతిపిండి ఎంతో సన్నం కనుక అడుగుకు దిగక నీటిలో తేలుతూ ఉంటుంది. ఎండ దాని మీద పడి చెదరినప్పుడు పాలు కలిసిన నీలిరంగు కనబడుతుంది. సరస్సు ఆవలి కొసన 3,724 మీటర్ల అయోరాకి శిఖరం, మౌంట్ కుక్ అని కూడా దాని పేరు, తెల్లగా మెరుస్తూ ఉంది.

బండి నిలిపాక నా పెద్దరికం చూపించాను. “కుర్చీలు బండికి ఉత్తరం వైపు వేయండి, మధ్యాహ్నం నీడ ఉంటుంది” అన్నాను. మన ఇళ్ళకు జనవరిలో మధ్యాహ్నపు నీడ ఉత్తరానే పడుతుంది కదా! గంట గడిచేసరికి ఎండ నేరుగా నా బట్టతల మీద పడింది. భూమధ్యరేఖకు అంత దక్షిణాన ఉన్న దేశంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడని ముప్ఫై ఐదేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేను! మనవడు ఏమీ అనలేదు. నా కుర్చీ మాత్రం మెల్లగా దక్షిణం వైపుకు జరిపాడు.

మధ్యాహ్నం కుక్కరు పెట్టబోతే పనిచేయలేదు. స్తంభం లేని చోట బండికి 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే ఆధారం. దీపాలకు, నీళ్ళ పంపుకు అది చాలు. లెక్క వేయండి: బ్యాటరీ మీద 100 ఆంపియర్-గంటలు అని ఉంది. 12ను 100తో గుణిస్తే 1,200 వాట్-గంటలు. అంటే మన కరెంటు బిల్లులో ఒకటింబావు యూనిటు కూడా కాదు. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖర్చు చేస్తే అది త్వరగా పాడవుతుంది. మిగిలే ఆ కొంచెంతో 700 వాట్ల కుక్కరు గంటసేపు కూడా నడవదు. కనుక వంట గ్యాసు పొయ్యి మీదనే చేశాము. వంట చేసేటప్పుడు కిటికీ తీసి ఉంచాలి. వంటగ్యాసు గాలికంటె బరువు. కారితే నేల దగ్గర పేరుకొంటుంది. అందుకే ఈ బండ్లలో క్రిందికి కూడా గాలి రంధ్రాలు పెడతారు. వాటిని చలి వేస్తోందని గుడ్డలతో మూయరాదు.

అన్నిటికంటె పెద్ద లెక్క నీళ్ళది. తొంభై లీటర్లు, ఆరుగురం, రెండు రోజులు. మనిషికి రోజుకు ఏడున్నర లీటర్లు! మన ఇళ్ళలో ఒక్క బకెట్టు స్నానానికే అంతకు రెండింతలు అవుతుంది. స్నానాలు మాని తడితువ్వాలుతో ఒళ్ళు తుడుచుకోవాలని తీర్మానించాము. లెక్క వ్రాసే పని, రాత్రి పడుకొనేముందు పంపు స్విచ్చి కట్టే పని మనవడివి. వాడికి పదేళ్ళు. ముందురోజు కుళాయి వదిలిపెట్టి పళ్ళు తోముకొని వాళ్ళమ్మ చేత చీవాట్లు తిన్నాడు. అందుకే ఆ పని వాడికి అప్పగించారు.

ఈ పంపు సంగతి తెలియాలి. మన మేడ మీది ట్యాంకు వలె ఇక్కడ నీళ్ళు పైనుండి దిగవు. తొట్టి క్రింద ఉంటుంది. స్విచ్చి వేసి కుళాయి తిప్పితే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, వెంటనే పంపు తిరిగి నీరు తోడుతుంది. కుళాయి కట్టితే ఒత్తిడి పెరిగి పంపు ఆగిపోతుంది. కుళాయి కొంచెం కారుతూ ఉంటే పంపు కాసేపు తిరుగుతూ, కాసేపు ఆగుతూ ఉంటుంది.

ఆ రాత్రి మనవడు లెక్క చదివాడు. “వాడినవి 32, మిగిలినవి 58 లీటర్లు. పంపు కట్టేశాను.” మరునాటి రాత్రి పిల్లలను లేపి నక్షత్రాలు చూపిస్తానని మాట ఇచ్చాను. టెకాపో, పుకాకి సరస్సులతో సహా 4,300 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ ప్రాంతాన్ని 2012లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా గుర్తించారు. వీధి దీపాల వెలుగు పైకి పోకుండా అక్కడ కట్టుబాట్లు ఉన్నాయి. అటువంటి ఆకాశం కోసం వాడు బయలుదేరిన రోజునుండి ఎదురు చూస్తున్నాడు.

తెల్లవారి ఏడు గంటలకు మా అమ్మాయి కాఫీకి నీళ్ళు పట్టబోతే కుళాయిలో చుక్క రాలేదు. పంపు మాత్రం గుర్రుమంటోంది. అల్లుడుగారు లేచి స్విచ్చి కట్టి, కొలత దీపాలు చూచారు. మంచినీటి తొట్టి ఖాళీ. మురికినీటి తొట్టి ఇంచుమించు నిండింది.

“స్విచ్చి వేసే ఉంది! రాత్రి కట్టలేదా నువ్వు?” అన్నది అమ్మాయి.

“కట్టానమ్మా!” అన్నాడు మనవడు.

“కడితే ఇలా ఎందుకు ఉంటుంది? పైగా అబద్ధమొకటా! నీళ్ళు పొదుపు చేయడం తెలియనివాళ్ళతో ఇక్కడ ఉండలేము. ఇవాళ ఊళ్ళోని విడిదికి పోదాం.”

ఊళ్ళో అంటే దీపాలు, నక్షత్రాలు లేనట్టే. వాడు “నిజంగా కట్టాను” అని మరొకసారి మెల్లగా అని, అటక ఎక్కి గోడవైపు తిరిగి పడుకొన్నాడు.

పిల్లలూ, అప్పుడు నాకు ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చింది. రాత్రి ఒంటిగంటకు నాకు మెలకువ వచ్చింది. దాహం వేసింది. చీకట్లో తడుముకొని స్విచ్చి వేసి, గ్లాసుతో నీళ్ళు త్రాగి, గ్లాసు కడిగి పెట్టాను. స్విచ్చి మళ్ళీ కట్టినట్టు గుర్తు లేదు. కుళాయి గట్టిగా బిగించినట్టూ గుర్తు లేదు. కుళాయి క్రింద తడిగుడ్డ ఒకటి ఉంది. ధార దాని మీద పడి చప్పుడు కాలేదు. ఇక ‘గుర్రు, గుర్రు’ మని ఆగి ఆగి వినబడిన శబ్దాన్ని అల్లుడుగారి గురక అనుకొని, నవ్వుకొని మళ్ళీ నిద్రపోయాను!

వెంటనే చెప్పాలి కదా? చెప్పలేదు. నిజమే చెబుతున్నాను. నోట మాట రాలేదు. అల్లుడుగారి ముందు, ఇంతమంది ముందు, హెడ్మాస్టరుగా పనిచేసినవాడు కుళాయి కట్టడం మరచాడని ఎలా చెప్పడం? “పోనీలే, చిన్నపిల్లవాడు, కాసేపటికి మరచిపోతాడు” అని నాకు నేనే చెప్పుకొన్నాను. బండి కదిలే ఏర్పాట్లు చేస్తున్నారు. నేను అలమర గడియలు వేస్తూ తిరుగుతున్నాను. అలా పది నిమిషాలు గడిచాయి.

గోడ మీద వాడు వ్రాసిన నీళ్ళ లెక్క కనబడింది. ఒక్కొక్క గ్లాసూ వ్రాసి ఉంది. ‘తాతయ్య, మందుబిళ్ళకు, 1 గ్లాసు’ అని కూడా ఉంది. అంత శ్రద్ధగా వ్రాసినవాడు అబద్ధమాడాడని అందరూ నమ్ముతున్నారు. ఆడనివాడు అబద్ధీకుడయ్యాడు, తప్పు చేసినవాడు పెద్దమనిషిగా తిరుగుతున్నాడు.

“అమ్మాయ్, ఆగండి. పంపు వేసింది నేను. కుళాయి వదిలింది నేను. వాడు రాత్రి కట్టిన మాట నిజం” అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి అటక దగ్గరకు వెళ్ళి “నిన్ను నమ్మలేదు నాన్నా, నాదే తప్పు” అని వాడి తల నిమిరింది. వాడు దిగి వచ్చి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: “తాతయ్యా, నన్ను తిడుతున్నప్పుడే మీకు తెలుసా?”

“కొంచెంసేపటికి తెలిసింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి “ఊఁ” అన్నాడు. ఆ ‘ఊఁ’ నాకు ఏ శిక్ష కంటెనూ బరువుగా తోచింది.

తప్పు దిద్దుకొనే పని కూడా నేనే అడిగి తీసుకొన్నాను. కొద్ది దూరంలోనే ఉన్న ట్వైజల్ ఊరికి పోయి, మురికినీటి తొట్టి, మరుగుదొడ్డి పెట్టె నా చేతులతోనే ఖాళీ చేశాను. మనవడు గొట్టం పట్టుకొని మంచినీళ్ళు నింపాడు. నింపుతూ లెక్క కట్టాడు: “నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారినా, 58 లీటర్లు 290 నిమిషాల్లో అయిపోతాయి. ఒంటిగంటకు మొదలైతే ఆరుకు పది నిమిషాలు తక్కువకే తొట్టి ఖాళీ, తాతయ్యా!” సన్నని ధారే. కాని రాత్రి పొడుగైనది.

మధ్యాహ్నానికి మళ్ళీ పుకాకి ఒడ్డుకు చేరాము. అక్కడ జనవరిలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు. పదకొండున్నరకు పిల్లలను లేపి దుప్పట్లు కప్పి బయటకు తెచ్చాను. ఆ రోజు అమావాస్య. ఆకాశగంగ పిండి ఆరబోసినట్టుంది. మనకు తెలిసిన వేటగాడు, ఒరాయన్, ఉత్తరాన తలక్రిందులుగా ఉన్నాడు! మారింది వేటగాడు కాదు. గుండ్రని భూమికి ఆ ప్రక్కన నిలబడినవాళ్ళం మేము. ఆగ్నేయాన దక్షిణ శిలువ నక్షత్రాలు ప్రక్కకు ఒరిగి ఉన్నాయి. నడినెత్తి దగ్గర, దక్షిణంగా, రెండు చిన్న మబ్బు తునకలు కనబడ్డాయి. అవి మబ్బులు కావు, మెగెలానిక్ మేఘాలనే నక్షత్ర సమూహాలు. పెద్దదాని వెలుగు మనల్ని చేరడానికి సుమారు లక్షా అరవై వేల సంవత్సరాలు పడుతుంది. మన ఊళ్ళలో అవి దిగంతాన్ని అంటుకొని ఉండి కనబడవు.

“తాతయ్యా, ఇప్పుడు లోపలికి పోయి నీళ్ళు త్రాగాలి” అన్నాడు మనవడు. ఇద్దరం వెళ్ళాం. వాడు స్విచ్చి వేశాడు, నేను త్రాగాను. నేను కుళాయి బిగించాను, వాడు స్విచ్చి కట్టాడు. తరువాత ఇద్దరం నిలబడి చెవులు రిక్కించి విన్నాం. ‘గుర్రు’ మన్న చప్పుడు వినబడింది. ఈసారి అది నిజంగా అల్లుడుగారి గురకే!

పిల్లలూ, మోటారు ఇల్లు మన దగ్గర లేకపోయినా ఈ పాఠం మన ఇంట్లోనే చేయవచ్చు. ఒక ఆదివారం అమ్మానాన్నల సహాయంతో మీ ఇంట్లో తాగడానికి, వంటకు, స్నానాలకు, గిన్నెలకు ఎన్ని లీటర్లు అవుతున్నాయో గోడ మీద కాగితం పెట్టి వ్రాయండి. ఎవరి ఖర్చు వారే నిజంగా వ్రాయాలి, పెద్దలతో సహా!

ఈ నెల లెక్క: ఒక కుళాయి సెకనుకు ఒక చుక్క చొప్పున కారుతోంది. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొందాం. ఒక రోజులో ఎన్ని లీటర్లు కారుతుంది? మా బండిలో అది మనిషి వంతులో సగానికి ఎక్కువా, తక్కువా? జవాబు వచ్చే నెల చెబుతాను. అందాకా కుళాయిలు బిగించి ఉంచండి.

మీ మాస్టారు